పురుగుకి పడని గాలి మనకెందుకు? ఇంటి గాలికి కొన్ని చిట్కాలు

కైవారం, చింతామణి, శిడ్లఘట్ట వైపు పట్టుపురుగులు మేపే ఇళ్ళలో ఒక కట్టడి ఉంటుంది. బీడీ కాల్చి వచ్చినవాణ్ణి, అల్లుడైనా సరే, పురుగుల గదిలోకి రానివ్వరు. అక్కడ దోమల బత్తి వెలిగించరు. పక్క తోటలో మందు కొడుతుంటే ఆ వైపు కిటికీ మూసేస్తారు. ఆ గాలి తగిలితే పురుగు మేత మాని, కక్కుకుని చచ్చిపోతుందని అందరికీ తెలుసు. ఇంత తెలిసిన ఇల్లాలే వంటింట్లో పొగ మధ్య కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ సంగటి కెలుకుతుంది! పురుగుల గదికి పెట్టిన శ్రద్ధలో సగం మిగతా ఇంటికి పెడితే చాలు.

1. ముందు పొయ్యి సంగతి చూడండి. ఇంటి గాలిని చెడగొట్టేవాటిలో దీన్ని మించింది లేదు. వంటింటి పొగ వల్ల 2020లో ప్రపంచమంతా కలిపి 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గ్యాసు ఉన్న ఇళ్ళలో కూడా సంగటికి, స్నానాల నీళ్ళకి కట్టెలే వాడుతుంటారు. పాడి ఉన్నవాళ్ళకి గోబర్ గ్యాసు మంచి దారి. ఇది మన సీమకి కొత్తేమీ కాదు. బాగేపల్లి కూలి సంఘం వాళ్ళు 5,500 ఇళ్ళకి గోబర్ గ్యాసు కట్టించే పథకం వేసి, 2005లో ఐక్యరాజ్యసమితి కార్బన్ పథకం కింద నమోదు చేయించారు. ఒక్కో గోబర్ గ్యాసు గుంత రోజుకి 2 ఘనపు మీటర్ల గ్యాసు ఇచ్చేది. అంత గ్యాసు రావాలంటే రోజుకి 50 కిలోల దాకా పేడ కలపాలి, అంటే నాలుగైదు పశువులుండాలి. బయటికొచ్చే పేడనీళ్ళు మల్బరీ తోటకి మంచి ఎరువు. డెయిరీకి పాలు పోసే ఇంట్లో ఇంకా కట్టెల పొగ ఉందంటే, నా దృష్టిలో అది పేదరికం కాదు, పట్టించుకోకపోవడమే.

2. కట్టెల పొయ్యి తప్పదనుకుంటే పొగ గొట్టం పెట్టించండి. బెంగళూరు టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1980ల్లో ‘అస్త్ర ఒలె’ అని మూడు పాత్రలు పట్టే పొయ్యి తయారుచేశారు. కట్టె తక్కువ పడుతుంది, పొగ గొట్టంలోంచి ఇంటిపైకి పోతుంది. గొట్టం మిద్దె కంటే ఎత్తుగా ఉండాలి. లోపలి మసిని అప్పుడప్పుడూ దులపకపోతే పొగ మళ్ళీ వంటింట్లోకే తిరుగుతుంది.

కట్టె ఎండిందో లేదో చూడటం తేలిక. మల్బరీ కట్టె పొయ్యిలో పెట్టగానే రెండో కొసన బుసబుసమని నురగ కక్కుతుంటే అది ఇంకా పచ్చిదే. అలాంటి కట్టె వేడి కంటే పొగే ఎక్కువ ఇస్తుంది. వానాకాలానికి ముందే కట్టెలు చూరు కింద చేర్చుకోండి. పొయ్యి రాజేయడానికి పాల కవర్లు, టైరు ముక్కలు వద్దే వద్దు. నీళ్ళ అండా కింద ప్లాస్టిక్ చెత్త వేసేవాళ్ళకీ ఇదే మాట: ఆ పొగ విషం, పసిపిల్లలకి మరీ.

3. చలికాలంలో కుంపటి పెట్టుకుని తలుపులేసుకుని నిద్రపోవద్దు. దీనికి మినహాయింపు లేదు. మార్గశిరం, పుష్యం నెలల్లో పురుగుల గది వెచ్చగా ఉండాలని బొగ్గుల కుంపటి పెడతారు. రాత్రి మేత వేయడానికి లేచేవాళ్ళు అక్కడే ఓ మూల పడుకుంటారు. బొగ్గు నిప్పుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. పొగ లేదు కదా అనుకుంటాం, నిద్రలోనే ప్రాణం పోతుంది. గది వేడెక్కించడానికి కరెంటు హీటరు వాడండి. కుంపటే దిక్కయితే పైన గాలి పోయే సందు తెరిచి ఉంచి, మనుషులు వేరే గదిలో పడుకోవాలి.

4. దోమల బత్తి మానేసి దోమతెర కట్టండి. ఒక్క బత్తి కాలితే వచ్చే సన్నని పొగకణాలు 75 నుంచి 137 సిగరెట్ల పొగకి సమానమని 2003లో ఒక పరిశోధనలో తేలింది. ప్లగ్గులో పెట్టే ద్రావణానికి పొగ ఉండదు, నిజమే. కానీ అదీ పురుగుల మందే, పట్టుపురుగు దాన్ని కూడా తట్టుకోదు. పొద్దు గూకే ముందే తలుపులు వేసి, కిటికీలకి జాలీ కొట్టించుకుంటే సగం దోమలు రావు.

5. గవాక్షి మూయకండి. బండలు పరిచిన పాత మిద్దెల్లో పొగ, వేడి పైకి పోవడానికే పెద్దలు దాన్ని పెట్టారు. వాన కురుస్తోందని దాని మీద రేకు వేసి సిమెంటు పూసేస్తే వంటింటి గాలికి దారి ఉండదు. రేకును జానెడు ఎత్తున నిలబెడితే వానా పడదు, గాలీ ఆగదు. కొత్తిల్లు కట్టేవాళ్ళు ఎదురెదురుగా కిటికీలు పెట్టించండి. ఒకే గోడకి ఎంత పెద్ద కిటికీ పెట్టినా గాలి సరిగా ఆడదు.

6. కంకర మిషన్ల దగ్గర, టిప్పర్లు తిరిగే దారి పక్కన ఉన్నవాళ్ళు పొడి చీపురుతో ఊడవద్దు. దుమ్ము లేచి మళ్ళీ అక్కడే పడుతుంది. తడిగుడ్డతో తుడవండి.

7. పురుగుల గది ఇంట్లోనే ఉంటే మందు కొట్టే రోజు జాగ్రత్త. గది శుద్ధికి కొట్టే ఫార్మాలిన్‌లో ఉండేది ఫార్మాల్డిహైడ్. అది మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. కొట్టేవాళ్ళు మాస్కు, గ్లౌజులు వేసుకోవాలి. పిల్లల్ని, గర్భిణుల్ని ఆ పూట చుట్టాలింటికి పంపండి. తర్వాత కిటికీలన్నీ తెరిచి, ఘాటు పూర్తిగా పోయాకే లోపలికి వెళ్ళాలి. బ్లీచింగ్ పౌడర్‌ని బాత్‌రూము కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ విషవాయువు పుడుతుంది. పురుగుల రెట్ట, మిగిలిన ఆకు ఎప్పటికప్పుడు ఎత్తి దూరంగా ఎరువుగుంతలో వేయండి. పురుగులు గూళ్ళు కట్టే చంద్రికలకి అంటిన పట్టుపీచు కాల్చే పని వాకిట్లో పెట్టుకోండి.

8. అగరుబత్తి కైవారం తాతయ్యగారి పటం ముందు ఒకటి చాలు, కట్ట మొత్తం అక్కర్లేదు. సాంబ్రాణి వేసేటప్పుడు కిటికీ తెరవండి. పసిబిడ్డ తలకి సాంబ్రాణి పట్టే అలవాటు మానుకుంటేనే మంచిది. అవ్వలకి కోపం వస్తుంది, రానివ్వండి.

9. మనీప్లాంటు గాలిని శుభ్రం చేస్తుందని కొనకండి, అందంగా ఉందని కొనండి. కిటికీ తెరిస్తే జరిగే పని మొక్కలతో జరగాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి కుండీలు కావాలని 2019లో లెక్క కట్టారు. అన్ని కుండీలు పెడితే మనకి చోటెక్కడ?

10. ఇన్ని చేసినా దగ్గు రెండు వారాలు దాటితే పొగ మీద నెట్టేసి ఊరుకోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి కళ్ళె పరీక్ష చేయించుకోండి. క్షయకి పరీక్ష, మందులు రెండూ అక్కడ ఉచితమే.