మోర్వెన్‌స్టో చర్చి

ఇంగ్లండు దేశమున నైరృతిమూలనున్న కార్న్‌వాల్ సీమలో, అట్లాంటిక్ మహాసముద్రపు ఒడ్డున, మోర్వెన్‌స్టో అను చిన్న గ్రామము కలదు. అచటి తీరమున కొన్నిచోట్ల 400 అడుగులకు మించిన కొండచరియలు నిట్టనిలువుగా కడలిలోనికి దిగియుండును. వాని క్రింద నల్లని బండలు కోరలవలె పొడుచుకొని యుండును. ఆ చరియలకు చేరువలోనే పురాతనమైన రాతిచర్చి యొకటి కలదు. దాని స్తంభములు, తోరణములు కొన్ని 12వ శతాబ్దినాటివి.

తెరచాప ఓడల కాలమున పడమటిగాలి విసరెనా, ఆ తీరమునకు చేరువైన నావకు దిక్కులేదు. ఓడ పగిలినదని వినగానే ఒడ్డువారు కొట్టుకొనివచ్చు సరుకులకై పరుగెత్తెడివారు. శవములను పట్టించుకొనువారు అరుదు. మృతుని మతమేదో తెలియదను నెపమున, ప్రార్థన లేక, పెట్టె లేక, ఒడ్డుననే గోయి తీసి పూడ్చుట వాడుక. 1807లో ఆన్సన్ అను యుద్ధనౌక కార్న్‌వాల్ దక్షిణతీరమున నాశమైనపుడు అందలి మృతులకును ఇట్టి గతియే పట్టెను. అది చూచినవారి మనసులు కలతపడెను. తత్ఫలితముగా 1808లో పార్లమెంటు ఒక చట్టము చేసెను. ఒడ్డుచేరిన శవములను ఆ ఊరి చర్చి శ్మశానమున మర్యాదగా పాతిపెట్టవలెనని దాని సారాంశము.

కాని చట్టము పుట్టినంతమాత్రమున ధర్మము నడవదు. అంతటి చరియ దిగి శవమును పైకి మోసికొనివచ్చు వారెవరు?

1834లో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అను కవి ఈ చర్చికి మతగురువుగా వచ్చెను. అంతకుముందు నూరేండ్లకు పైగా ఆ ఊర కాపురమున్న గురువే లేడు. ఆంగ్లేయ చర్చిలో పురాతన పూజావిధులను పునరుద్ధరింప గోరు ఆంగ్లో కాథలిక్కు ఉద్యమము ఆక్స్‌ఫర్డులో ఆరంభమై అప్పటికి ఒక్క యేడాది అయినది. హాకర్‌కును ఆ విధులయెడ మక్కువ మెండు. అయితే ఆయన భక్తి చర్చి గోడలలో నిలిచిపోలేదు. జాలరుల నీలి అంగీ, పొడవైన సముద్రపు బూట్లు తొడిగి ఆయన తీరమున తిరుగుచుండెడివాడు. పగిలిన ఓడల కొయ్యలతో చరియపై చిన్న గుడిసె కట్టుకొని, అందు కూర్చుండి కడలిని చూచుచు కవిత్వము వ్రాసెడివాడు.

1842 సెప్టెంబరులో స్కాట్లండునకు చెందిన కాలెడోనియా అను ఓడ ఆ బండలకు కొట్టుకొని పగిలెను. అందలివారిలో ఒక్కడే బ్రతికెను. మృతులను హాకర్ చర్చి ఆవరణమున పాతిపెట్టించెను. ఆ ఓడ ముందుకొమ్మున నుండిన కొయ్యబొమ్మయే వారి సమాధికి గురుతాయెను. ఇట్లు ఆయన తన కాలమున నలువదిమందికి పైగా నావికులకు అంత్యక్రియలు జరిపించెను. వారిలో పలువురి పేరుగాని, ఊరుగాని ఎవరికిని తెలియదు. తెలిసినది ఒక్కటే: వారు మనుష్యులు.

హాకర్ 1875లో మరణించెను. కాలెడోనియా కొయ్యబొమ్మను ఎండవానలనుండి కాపాడుటకై చర్చిలోపలికి చేర్చి, బయట దాని ప్రతిరూపమును నిలిపినారు. చరియపైనున్న గుడిసె నేషనల్ ట్రస్టు అను సంస్థ సంరక్షణలో నేటికిని నిలిచియున్నది.

అనాథప్రేత సంస్కారము గొప్ప యజ్ఞముతో సమానమని మన పెద్దలందురు. చనిపోయినవాడు తిరిగి మేలు చేయలేడు; పేరు తెలియనివాని బంధువులు వచ్చి కృతజ్ఞత తెలుపలేరు. ప్రతిఫలమునకు చోటే లేని ఉపకారమది. ఆ చిన్న చర్చి గొప్పతనము దాని రాళ్లలో లేదు. ఆ సమాధులలో కలదు.