కుకీ యనగా నేమి? – మన ప్రాంతపు వెబ్‌సైటులను జాగ్రత్తగా వాడుకొను విధము

విద్యార్థులారా! మీ యింటిలో తిరుమలకు బోయి దర్శనము చేసికొనివచ్చినవా రెవరైన నున్నచో, వారి నొక ప్రశ్న యడుగుడు. ఆలయములోనికి సెల్‌ఫోను గొనిపోరాదు గదా. దాని నెచ్చట నుంచి వెళ్లిరి? కౌంటరులో నప్పగించి చీటీ పుచ్చుకొంటిమని వారు చెప్పుదురు. దినమునకు వేలకొలది యాత్రికులను జూచు గుమాస్తా ఎవరి మొగమును జ్ఞాపకముంచుకొనలేడు. మరలివచ్చినవారు చీటీ చూపగా, సంఖ్యను సరిచూచి వస్తువు నిచ్చివేయును. చీటీ యెవరిచేత నున్నదో వారే యజమానులని యతని నమ్మకము.

ఈ చిన్న సంగతిని మనస్సున నుంచుకొన్నచో, కంప్యూటరు పాఠములలో చిక్కుగా తోచు విషయ మొకటి మీకు సులభముగా బోధపడును. ఆ విషయమే కుకీ.

సైటులతో మన కేమి పని?

పూర్వము ధ్రువపత్రము కావలెనన్న తాలూకా కచేరీ చుట్టును దినములకొలది తిరుగవలసియుండెను. 2011వ సంవత్సరమున మీసేవ యను ఏర్పాటు ప్రారంభమైనప్పుడు, దానిని మొట్టమొదట చూచిన జిల్లాలలో మన చిత్తూరు జిల్లా యొకటి. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి వేఱు జిల్లాగా నేర్పడినది. నేడు రెండు జిల్లాలవారికిని కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము, పరీక్షా ఫలితములు, విద్యార్థివేతనపు దరఖాస్తు మున్నగునవన్నియు కంప్యూటరు ద్వారముననే జరుగుచున్నవి. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనపు టిక్కెట్లను గూడ దేవస్థానమువారి సైటులోనే ముందుగా పుచ్చుకొనవచ్చును. కావున సైటును వాడుట తెలియనివా డితరులపై నాధారపడవలసినవా డగుచున్నాడు. తెలిసియు జాగ్రత్త లేనివాడు తన యింటి తాళపుచెవిని వీధిలో మఱచిపోయినవా డగుచున్నాడు.

కుకీ పుట్టిన విధము

మనము ఫోనులో గాని కంప్యూటరులో గాని సైటులను జూచుటకు వాడు సాధనమును బ్రౌజరందురు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మున్నగునవి బ్రౌజరులు. సైటును భద్రపఱచి, అడిగినవారికి పుటల నందిచ్చు కంప్యూటరును సర్వరందురు. సర్వరు స్వభావముచేత మిక్కిలి మఱపు గలది. మీ రొక పుట నడుగుదురు, అది యిచ్చును, అంతటితో మిమ్ము మఱచును. మరుక్షణమున రెండవ పుట నడిగినను, మీరు క్రొత్తగా వచ్చినవారే యని తలచును. ఇట్లయినచో దర్శనపు తేదీని మొదటి పుటలో నెన్నుకొని, యాత్రికుల పేర్లను రెండవ పుటలో వ్రాసి, సొమ్మును మూడవ పుటలో చెల్లించు టెట్లు?

ఈ చిక్కును విడదీసినవాడు అమెరికా దేశమున నెట్‌స్కేప్ అను సంస్థలో పనిచేయుచుండిన లూ మాంటులి యను యువకుడు. 1994వ సంవత్సరమున నతడు చూపిన యుపాయ మిది: మొదటిసారి వచ్చిన బ్రౌజరునకు సర్వరొక చిన్న చీటీ నిచ్చును. బ్రౌజరు దానిని దాచియుంచి, ఆ సైటునకు మరల బోయిన ప్రతిసారియు చూపును. సర్వరు చీటీలోని గుర్తును తన పుస్తకముతో సరిచూచుకొని, “ఇతడు ఇందాక తేదీ నెన్నుకొన్నవాడే” యని తెలిసికొనును. ఆ చీటీయే కుకీ. కుకీ యనగా ఇంగ్లీషున బిస్కత్తు. ఒక ప్రోగ్రామునుండి మఱియొకదానికి చేతులు మారు గుర్తునకు కంప్యూటరు పనివారిలో నంతకు ముందే వాడుకలో నుండిన “మ్యాజిక్ కుకీ” యను మాటనుండి యీ పేరు వచ్చినది.

కుకీ యన్నంతనే భయపడ నక్కఱలేదు. అది ప్రోగ్రాము కాదు; కొన్ని యక్షరములు మాత్రమే. సాధారణముగా నొక కుకీలో 4,096 బైట్లకు మించి పట్టదు. అది మీ ఫోనులోని ఛాయాచిత్రములను చూడలేదు, పాఠములను చెఱుపలేదు. ఏ సైటు దాని నిచ్చినదో ఆ సైటునకే బ్రౌజరు దానిని మరల చూపును. కొన్ని కుకీలు బ్రౌజరును మూసినంతనే నశించును. మఱికొన్నిటికి సైటువారు గడువు నియమింతురు. 2022వ సంవత్సరమునుండి క్రోమ్ బ్రౌజరు 400 దినములకు మించిన గడువు నే కుకీకిని ఈయదు. మీరు పాస్‌వర్డు నొకసారి వ్రాసి లోనికి బోయిన పిమ్మట, మరునాడు మరల వ్రాయకయే తలుపు తెఱచుకొనుట ఇట్టి గడువు గల కుకీవలననే.

నాకు తెలివి వచ్చిన దినము

చీటీ గలవాడే యజమాని యంటిమి. ఇందలి యపాయమును నేను పుస్తకమువలన గాక అనుభవమువలన నేర్చుకొంటిని. కొంతకాలము క్రిందట చిత్తూరులో నొక నెట్ సెంటరునకు బోయి, ఒక కాగితము నచ్చు వేయించుకొనుటకై మెయిలు తెఱచితిని. కనబడినది నాది కాదు. ఎవరో తండ్రి తన కుమార్తెను కళాశాలలో చేర్చుటకై పంపిన మార్కుల పట్టిక, ఆధారు కార్డు, బ్యాంకు పాసుబుక్కు మొదటి పుట నా కన్నుల యెదుట నుండెను. పాప మాయన పని ముగించుకొని, తెరమీది కిటికీని మాత్రము మూసి, బస్సునకు వేళయైనదని వెళ్లిపోయియుండును. ఆయన చీటీ ఆ కంప్యూటరులోనే మిగిలిపోయెను. నేను వెంటనే లాగౌట్ చేసితిని. నా వెనుక మఱి నలుగురు తమ వంతునకై కాచుకొనియుండిరి.

ఇంటికి మరలుచుండగా నొక తలంపు దోచి గుండె జల్లుమనెను. వారము క్రిందట అదే కుర్చీలో కూర్చుండి మన పిల్లల విద్యార్థివేతనపు దరఖాస్తులు నింపినది నేనే గదా! నేను లాగౌట్ చేసితినా? ఎంత యోచించినను జ్ఞాపకము రాలేదు. ఆ రాత్రియే పాస్‌వర్డును మార్చి, “అన్ని పరికరములనుండి లాగౌట్” అను మీటను నొక్కితిని. అట్లు చేసినచో సర్వరు తన పుస్తకమున పాత చీటీల నన్నిటిని కొట్టివేయును. ఎవరిచేత నున్నను అవి యిక చెల్లవు. పిల్లలకు హాని యేమియు జరుగలేదు. అయినను ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

వెంబడించు కుకీలు

మఱియొక విధమైన కుకీలు గలవు. తిరుపతి గాంధీ రోడ్డులోని బట్టల దుకాణమునను, పుస్తకాల దుకాణమునను, చిత్తూరు బజారులోని మందుల దుకాణమునను ఒకే కంపెనీ మనుష్యులు నిలిచి, మీ చేతిలో నొక సంఖ్యను బెట్టి, మీరే వస్తువును బేరమాడితిరో వ్రాసికొని, సాయంకాలము లెక్కలు కలుపుకొందురని యనుకొనుడు. మీ పే రడుగకయే మీ యింట నెవరికి జబ్బుగా నున్నదో వా రూహింపగలరు. ప్రకటనల కంపెనీలు పెక్కు సైటులలో స్థలము సంపాదించి, తమ కుకీలను మన బ్రౌజరులో నుంచి చేయు పని యిదియే. మీరు చెప్పుల నొకచోట చూచినచో, చెప్పుల ప్రకటనలు వారము దినములు మీ వెంట నడచుట కిది కారణము. సఫారీ బ్రౌజరు 2020వ సంవత్సరమునుండి ఇట్టి పరాయి కుకీలను తనంతట తానే యడ్డుకొనుచున్నది. కొన్ని బ్రౌజరులలో సెట్టింగులలోనికి బోయి మనమే యడ్డగింపవలెను.

ఈ విషయమున చట్టములును పుట్టినవి. 2018 మే 25వ తేదీనుండి ఐరోపాలో నమలునకు వచ్చిన చట్టమువలన, అనేక సైటులు “కుకీలకు అంగీకరింతురా?” యని యడుగుచున్నవి. మన దేశమున 2023లో వ్యక్తుల సమాచార రక్షణకై చట్టము చేయబడినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి, విడతలుగా నమలునకు వచ్చునట్లు ఏర్పాటు చేయబడినది. ఆ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలురుగా నెంచి, వారి సమాచారమును వాడుకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి యుండవలెననియు, బాలుర నడవడిని వెంబడించి వారికి ప్రకటనలు చూపరాదనియు విధించినది. తల్లిదండ్రు లీ సంగతిని తప్పక గమనింతురు గాక.

ఆచరింపవలసినవి

1. పరుల కంప్యూటరులో పని ముగిసినంతనే లాగౌట్ చేయవలెను. కిటికీని మూయుట చాలదు. “పాస్‌వర్డును గుర్తుంచుకొనుమా?” యని బ్రౌజ రడిగినచో వలదనవలెను.

2. అట్టిచోట్ల రహస్య కిటికీని, అనగా ప్రైవేటు విండోను తెఱచి పనిచేయుట మేలు. దానిని మూసినంతనే అందలి కుకీలు నశించును. కాని మీరు చూచినది సైటువారికి తెలియకుండ నది దాచలేదు.

3. కుకీల నన్నిటిని నిషేధింపరాదు. అట్లు చేసినచో సైటు మిమ్ము గుర్తింపజాలక మాటిమాటికి మొదటి పుటకే త్రిప్పును. పరాయి కుకీలను మాత్ర మడ్డగించిన చాలును.

4. సైటు సరిగా తెఱచుకొననప్పుడు దాని కుకీలను తుడిచి, మరల లోనికి బోవచ్చును. మీరు కొన్న టిక్కెట్టు పోదు. అది సర్వరులో భద్రముగా నుండును.

5. చిరునామాను చివరివఱకు చదువవలెను. దర్శనపు టిక్కెట్ల పేరిట నకిలీ సైటులు పుట్టి యాత్రికుల సొమ్మును హరించిన సంగతు లనేకములు. దేవస్థానమువారి సైటు చిరునామా “జీఓవీ.ఇన్” అను నక్షరములతో ముగియును. ఆ ముగింపు ప్రభుత్వ సంబంధమైన సంస్థలకే లభించును.

6. ఫోనునకు వచ్చిన ఓటీపీని, ఎంత మంచిమాటలతో నడిగినను, ఎవరికిని చెప్పరాదు.

బాలబాలికలారా! మీ యిండ్లలో చదువు రాని పెద్దల కొఱకు దరఖాస్తులు నింపుచున్నవారు మీరే. అవ్వ పింఛను, నాన్న పొలము కాగితము, అక్క మార్కుల పట్టిక మీ చేతులమీదుగా పోవుచున్నవి. వారు మిమ్ము నమ్మి తమ చీటీలను మీ చేతి కిచ్చిరి. పని ముగిసిన పిమ్మట ఆ చీటీని కుర్చీలో వదలి రాక, లాగౌట్ చేసి లేచుట మీ విధి. దానికి పట్టునది అరనిమిషము.