దినాలయ్యాక



ఒక ఇంట్లో ఆత్మహత్య జరిగితే వైద్యుల పని పోస్టుమార్టంతో తీరిపోయిందనుకోవడం అలవాటైపోయింది గాని, ఆ ఇంట్లో మిగిలినవారి ఆరోగ్యం చెడడం మొదలయ్యేది అక్కడినుంచే. అలా మిగిలినవారికి అందవలసిన తోడ్పాటుకు అమెరికా మనస్తత్వవేత్త ఎడ్విన్ ష్నైడ్‌మన్ 'పోస్ట్‌వెన్షన్' అని పేరు పెట్టాడు. నివారణ చేజారిన తరువాత చేయవలసిన పని అని దాని భావం.

జబ్బుతో మనిషి పోయిన ఇంట్లో 'ఎందుకు' అన్న ప్రశ్నకు ఆసుపత్రి కాగితమే జవాబు చెబుతుంది. ఈ ఇంట్లో మాత్రం ఆ ప్రశ్న ఒక్కొక్కరి మీదికే తిరుగుతుంది. ముందు రాత్రి ఏ మాట అన్నామో, ఫోను ఎందుకు ఎత్తలేదో ఎవరికి వారు తవ్వుకుంటారు. పోయినవాడి మీద కోపమూ వస్తుంది గాని పైకి అనడానికి నోరు రాదు. ఈ అపరాధ భావన, దిగమింగిన కోపం, ఊరి మాటలకు జంకు కలిసి నిద్రను, ఆకలిని హరించి, మందులు తప్పడంతో అదుపులో ఉన్న బీపీ, షుగరు కూడా పెరిగేలా చేస్తాయి. భార్యనో భర్తనో ఇలా కోల్పోయినవారిలో మానసిక రుగ్మతలే కాక నిద్ర సమస్యలు, కాలేయం గట్టిపడిపోయే సిర్రోసిస్ కూడా ఎక్కువగా కనిపించాయని డెన్మార్క్ జనాభా రికార్డులపై 2017లో వెలువడిన అధ్యయనం తెలిపింది. బ్రిటన్‌లో 18–40 ఏళ్ల వయసున్న 3,432 మందిపై జరిగి 2016లో వెలువడిన మరో అధ్యయనంలో, ఆత్మీయులను హఠాత్తుగా సహజ మరణంలో పోగొట్టుకున్నవారితో పోలిస్తే ఆత్మహత్యలో పోగొట్టుకున్నవారు తామూ ఆత్మహత్యకు ప్రయత్నించే అవకాశం సుమారు 1.65 రెట్లు ఉన్నట్లు తేలింది. రక్తసంబంధం ఉన్నా లేకున్నా ఈ తేడా ఒకే తీరుగా ఉండడం వల్ల, 'వాళ్ల వంశంలోనే ఉంది' అనే ఊరి తీర్పుతో సరిపెట్టుకోకుండా, కోడలిని, స్నేహితుణ్ణి కూడా కనిపెట్టి ఉండడం అవసరమవుతుంది.

తెలంగాణ రైతు కుటుంబాలకు దీనిపై మరో బరువు కూడా పడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో వచ్చిన జీవో 421 ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయలు, 2015లో వచ్చిన తెలంగాణ జీవో 194 ఆరు లక్షలు ఇవ్వాలన్నాయి గాని, అందుకు రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులు విచారించి, మరణానికి కారణం సాగు కష్టాలేనని తేల్చాలి. ఉద్దేశం మంచిదే, అయినా చనిపోయిన రైతు భార్య వచ్చిన ప్రతి కొత్త ముఖానికీ ఆ రోజును మొదటినుంచి అప్పజెప్పవలసి వస్తుంది; కౌలు రైతు భార్యకైతే చూపడానికి పాసుపుస్తకమూ ఉండదు. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, బాకీ చీటీల జెరాక్సులు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని, ఎవరు గడప తొక్కినా ఆమె ముందు ఆ కవరే విప్పుతుంది.

అందువల్ల ఆరోగ్య కార్యకర్త మొదటిసారి వెళ్లినప్పుడు ఆ కవరు జోలికి పోకుండా బీపీ మిషను బయటికి తీయడం, 'ఎట్ల జరిగింది' అని కాక 'పొద్దున ఏం తిన్నవమ్మా' అని అడగడం మేలు. పిల్లలకు 'నాన్నకు గుండెపోటు' అని చెప్పి ఉంటే, అసలు నిజం బడిలో తోటిపిల్లల నోట వినేలోగా ఇంట్లోనే వయసుకు తగ్గట్టు చెప్పేలా తల్లికి ధైర్యమివ్వాలి. శోకం ఆరు నెలలు దాటినా తీవ్రత తగ్గక, రోజువారీ పనులను సాగనివ్వకపోతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దాన్ని దీర్ఘకాలిక శోక రుగ్మతగా గుర్తిస్తుంది. అంతకుముందే ఆ ముద్ర వేయడం తొందరపాటు. కాని చనిపోవాలనే మాట ఏ క్షణాన వినిపించినా ఆరు నెలల లెక్క పనికిరాదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి. టెలిమానస్ నంబరు 14416 పగలూ రాత్రీ తెలుగులోనే పలుకుతుంది.

పదకొండో రోజు దాకా ఇంటి నిండా చుట్టాలుంటారు, ఆ తరువాత ఆ వాకిట్లోకి ఎవరూ రారు. దవాఖానా రిజిస్టరులో ఆ ఇంటి పేరు ఎదురుగా మూడో నెల, ఆరో నెల, సంవత్సరీకం తేదీలు ముందే రాసి పెట్టుకొని, వెళ్లిన ప్రతిసారీ గూట్లోని బీపీ గోళీల పట్టీ తీసి, ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాలి.