గాగుల్స్‌కు గాలి ఆడనివ్వు

శాండీ, యూటా

సహజా,

జనవరిలో స్కీయింగ్ నేర్చుకోవడానికి గుల్‌మర్గ్ వెళుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం, తల్లీ. స్కీలూ బూట్లూ అక్కడ అద్దెకు దొరుకుతాయి. గాగుల్స్ మాత్రం సొంతంగా కొనుక్కో. నువ్వు పంపిన మెసేజ్‌లో ఒకటే అడిగావు: గాగుల్స్‌కు లోపల ఆవిరి పట్టకుండా ఏ స్ప్రే మంచిది అని. స్ప్రే గురించి కాదు, గాలి గురించి అడగాల్సింది. అందుకే ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పకుండా ఉత్తరం రాస్తున్నాను.

ఇది చూపు కాస్త మసకబారడంతో పోయే చిన్న ఇబ్బంది కాదు. లెన్స్ తెల్లబడితే ముందున్న గుంట కనిపించదు, ఎదురుగా వస్తున్న మనిషి కనిపించడు. విసుగొచ్చి చాలామంది గాగుల్స్ తీసేస్తారు. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగే కొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత 10 నుంచి 12 శాతం పెరుగుతుంది. కొత్తగా కురిసిన మంచు ఆ కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మన ముఖం మీదికే కొడుతుంది. గుల్‌మర్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. గొండోలా అనే కేబుల్ కారులో రెండో దశ ఎక్కి అఫర్వట్ కొండ మీదికి వెళితే దాదాపు 3,950. అక్కడ కళ్ళకు అడ్డం లేకుండా తిరిగితే కొన్ని గంటల తరవాత కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, ఆగని నీళ్ళు, వెలుతురు చూడలేకపోవడం. మబ్బు పట్టిన రోజున కూడా ఇది జరుగుతుంది.

అద్దాలకు ఆవిరి పట్టడం నీకు కొత్తేమీ కాదు. కరోనా రోజుల్లో మాస్కు పెట్టుకుంటే నీ కళ్ళజోడు తెల్లబడేది కదా. మాస్కు పైఅంచుకూ ముక్కుకూ మధ్య సందులోంచి వెచ్చటి ఊపిరి పైకి తన్ని, చల్లటి అద్దానికి తగిలి సన్నటి నీటి బొట్లుగా మారేది. ముక్కు దగ్గర తీగ నొక్కి ఆ సందు మూస్తే తగ్గేది. గాగుల్స్‌లోనూ ఇదే జరుగుతుంది. కాకపోతే ఇక్కడ ఊపిరి ఒక్కటే కాదు, ముఖం మీది చెమట కూడా తోడవుతుంది. పైగా అది నాలుగు పక్కలా మూసిన గది.

లెక్కలు నీకు ఇష్టమే కాబట్టి అంకెలతోనే చెబుతాను. ముఖానికీ లెన్స్‌కూ మధ్య ఉన్న గాలి 30 డిగ్రీలకు వేడెక్కి, తేమ 50 శాతానికి చేరిందనుకో. ఆ గాలి 18 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేనికి తగిలినా నీటిని వదిలేస్తుంది. బయట మైనస్ 5 ఉన్నప్పుడు ఒంటి పొర లెన్స్ అంత వెచ్చగా నిలవలేదు. కాబట్టి చేయగలిగినవి రెండు. లెన్స్ లోపలి ముఖాన్ని వెచ్చగా ఉంచడం ఒకటి, లోపలి గాలిలోంచి తేమను బయటికి పంపడం రెండోది. మొదటిది గాగుల్స్ తయారుచేసేవాళ్ళు చూసుకుంటారు. రెండోదానికి వాళ్ళు రంధ్రాలు మాత్రమే పెట్టివ్వగలరు, వాటిని తెరిచి ఉంచుకోవలసింది నువ్వే.

మంచు కురుస్తున్నప్పుడు చాలామందికి ఒక అనుమానం వస్తుంది. బయట గాలంతా తేమగా ఉంది కదా, దాన్ని లోపలికి రానిస్తే ఆవిరి ఇంకా ఎక్కువ పట్టదా అని. పట్టదు. మైనస్ 5 డిగ్రీల గాలి తేమతో పూర్తిగా నిండిపోయినా ఘనపు మీటరుకు మూడున్నర గ్రాముల లోపు నీటినే మోస్తుంది. అదే గాలి గాగుల్స్‌లోకి వచ్చి 25 డిగ్రీలకు వేడెక్కిందంటే 23 గ్రాముల దాకా మోయగలదు. అంటే దాని తేమ 15 శాతానికి దిగిపోయినట్టే. అంత పొడి గాలి నీ ముఖం దగ్గరి తేమను తాగేసి పైకి లేచి బయటికి పోతుంది. కింది రంధ్రాల్లోంచి చల్లగాలి లోపలికి, పై రంధ్రాల్లోంచి వెచ్చగాలి బయటికి. ఈ దారిలో ఎక్కడా అడ్డు పడకుండా చూసుకోవడమే నీ పని. నేను చెప్పబోయే జాగ్రత్తలన్నీ దీనికోసమే.

ఆర్కిటిక్‌లో ఇన్యూట్‌లు ఎముకతోనో చెక్కతోనో వాల్రస్ దంతంతోనో మంచు కళ్ళద్దాలు చేసుకునేవారు. వాటికి సన్నటి చీలిక తప్ప లెన్స్ లేదు. ఎండ తగ్గేది, ఆవిరి పట్టడానికి అద్దమే ఉండేది కాదు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే, అంత తేలికైన పరిష్కారం. కానీ స్కీల మీద వేగంగా దిగేవాడికి ఎదురుగాలీ ఎగిరే మంచూ కంట్లో పడకుండా లెన్స్ కావాలి, అటూ ఇటూ చూడటానికి అది వెడల్పుగానూ ఉండాలి. పెద్ద రంధ్రాలు పెడితే మంచు లోపలికి వస్తుంది, మూసేస్తే ఆవిరి పడుతుంది. ఈ చిక్కుముడి విప్పింది మా ఊరి వైపు మంచులో తిరిగిన మనిషే. మా ఇంటికి దగ్గర్లోని లిటిల్ కాటన్‌వుడ్ లోయలో పైకి వెళితే ఆల్టా వస్తుంది. మెత్తటి, లోతైన మంచుకు పేరుపడ్డ చోటు. అక్కడ స్కీయింగ్ చేసిన బాబ్ స్మిత్ అనే ఆయన వృత్తిరీత్యా పళ్ళ వరుస సరిచేసే వైద్యుడు. 1965లో ఆయన రెండు లెన్సులను మధ్యలో గాలి ఉంచి అంచులు మూసి కలిపాడు, రంధ్రాల మీద గాలి ఆడే స్పాంజి అతికించాడు. బయటి లెన్స్ చలిని భరిస్తుంది, మధ్యలోని గాలి పొర ఆ చలిని లోపలి లెన్స్ దాకా రానివ్వదు. స్పాంజి మంచును ఆపి గాలిని వదులుతుంది. ఇవాళ మంచి గాగుల్స్ ఏవి తీసుకున్నా మూలం ఇదే. అందుకని ఒంటి లెన్స్ ఉన్నవి ఎంత చవకగా వచ్చినా కొనకు.

లోపలి లెన్స్ మీద ఒక పూత కూడా ఉంటుంది. అది నీటిని బొట్లుగా చేరనివ్వక పలచటి పొరగా పరుస్తుంది, కొంత పీల్చుకుంటుంది. బొట్లయితే వెలుతురును చెదరగొట్టి తెల్లగా కనిపిస్తాయి, పలచటి పొరలోంచి చూపు సాగుతుంది. కానీ ఆ పూతకు ఒక హద్దుంది. గాలి వచ్చి దాన్ని ఆరబెడుతూ ఉండకపోతే నిండిపోయి చేతులెత్తేస్తుంది. ఇంకో సంగతి, అది తడిసినప్పుడు మెత్తబడుతుంది. ఆ సమయంలో చేతి తొడుగుతోనో చొక్కా అంచుతోనో రుద్దితే గీతలు పడతాయి, పూత లేచిపోతుంది. ఆ తరవాత ఆ చోట ప్రతిసారీ ఆవిరి పడుతుంది. ఈతకొలనులో వాడే చిట్కాలు, సబ్బు నీళ్ళు రాయడం, ఉమ్మి పూయడం లాంటివి, ఈ లెన్స్ మీద వద్దు. పూత బాగున్నంతకాలం స్ప్రే అవసరం లేదు.

ఇప్పుడు నీలాంటి కొత్తవాళ్ళ సంగతి. అనుభవం ఉన్నవాళ్ళ కంటే నీ గాగుల్స్‌కే ఎక్కువ ఆవిరి పడుతుంది, అందుకు నిరుత్సాహపడకు. వాళ్ళు లిఫ్టు ఎక్కి పైకి పోయి వేగంగా దిగుతారు, ఆ వేగానికి రంధ్రాల గుండా గాలి దానంతటదే కొడుతుంది. నువ్వు గుల్‌మర్గ్‌లో మంచు కప్పిన ఆ పచ్చికబయలు మీద, చిన్న వాలుల్లో నేర్చుకుంటావు. స్కీలు తొడుక్కుని పక్కవాటుగా అడుగులేస్తూ పైకెక్కుతావు, నెమ్మదిగా దిగుతావు, పడతావు, లేస్తావు, రొప్పుతావు. చెమట ఎక్కువ, వేగం తక్కువ. గాలి ఆడక ఆవిరి పట్టడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి లేదు.

కాబట్టి పైకెక్కేటప్పుడు గాగుల్స్ ముఖం మీద ఉంచుకోకు. ఎండ కోసం మామూలు నల్ల కళ్ళద్దాలు పెట్టుకో, వాటి పక్కలు తెరిచి ఉంటాయి గనక పెద్దగా ఆవిరి పట్టదు. గాగుల్స్ నుదుటి మీదికి నెట్టుకోవడం అందరికీ ఉన్న అలవాటే కానీ, తల లోంచి వచ్చే వేడీ చెమటా నేరుగా ఆ స్పాంజిలోకి పోతాయి. హెల్మెట్ మీద పెట్టుకున్నా దాని రంధ్రాల్లోంచి వచ్చే ఆవిరి తగలకుండా చూసుకోవాలి. నేనైతే పట్టీని మోచేతి పైన తగిలించుకుంటాను. రెండు వైపులా గాలి ఆడుతుంది. మంచు కురుస్తుంటే గుడ్డ సంచిలో పెట్టి జేబులో వేసుకో. ఎక్కడం మొదలుపెట్టకముందే కోటు జిప్పు కిందికి లాగు, చంకల కింద జిప్పులుంటే తెరువు. చలేస్తుందని ముందే బిగించుకుంటే పది నిమిషాల్లో ఒళ్ళంతా తడుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది తెచ్చేది మెడకూ నోటికీ చుట్టుకునే గుడ్డ. బఫ్ గానీ మఫ్లర్ గానీ మంకీ క్యాప్ గానీ, దాని పైఅంచును గాగుల్స్ కిందికి దోపుతారు, చలి రాకుండా. దాంతో కింది రంధ్రాలు మూసుకుపోతాయి, నువ్వు వదిలే ప్రతి ఊపిరీ లోపలికే పోతుంది. గుడ్డను ముక్కు కిందికి దించు. బుగ్గలు మరీ కొరికేస్తుంటే ముక్కు మీదికి లాగు, కానీ అంచు గాగుల్స్ బయటే ఉండాలి, ఊపిరి నోటితో కిందికి వదులు. మీ అమ్మ ఉన్ని మఫ్లర్ అల్లి పంపుతానంటోంది, వద్దనకు. శిక్షణ అయ్యాక సాయంత్రం గదిలో వేసుకో.

పడినప్పుడు మంచు పై రంధ్రాల స్పాంజిలో ఇరుక్కుంటుంది. లేవగానే ముందు దాన్ని వేలితో తోసెయ్యి, గాగుల్స్ తీసి బోర్లించి గట్టిగా విదిలించు. లోపలికి పోయిన మంచు కరగకముందే రాలిపోతుంది. కరిగి బొట్లయితే, పొడి మైక్రోఫైబర్ గుడ్డ కొసతో అద్దు. రుద్దకూడదు, అద్దాలి. ఆ గుడ్డను ప్లాస్టిక్ కవరులో పెట్టి లోపలి జేబులో దాచుకో, తడి గుడ్డ ఉన్నా లేనట్టే.

దిగుతూ ఉండగా చూపు తెల్లబడుతోందంటే ఆందోళనపడి ఆ క్షణమే గాగుల్స్ లాగేయకు. పక్కకు జరిగి ఆగు. రొప్పు తగ్గనివ్వు. గాగుల్స్ కింది అంచును బుగ్గల మీది నుంచి ఒక వేలెడు ముందుకు లాగి పట్టుకో, చల్లగాలి కింది నుంచి వెళ్ళి తేమను పైకి తోసేస్తుంది. చాలాసార్లు అర నిమిషంలో తేటపడుతుంది. తరవాత నెమ్మదిగా కదులు, కదలికే మిగతాది ఆరబెడుతుంది. ఆవిరి లోపల గడ్డకట్టిపోతే మాత్రం గోకకు. ఆ పూటకు ఆ గాగుల్స్ పక్కన పెట్టి ఇంకోటి వాడుకో. రెండో జత సంచిలో ఉంచుకోవడం ఖర్చే, కానీ కళ్ళ విషయంలో అది దండగ కాదు.

నీకు కళ్ళజోడు ఉంది కాబట్టి ఇంకాస్త జాగ్రత్త. గాగుల్స్ లోపల కళ్ళజోడు పెట్టుకుంటే ఆ తేమ గాలిలో మరో చల్లటి అద్దాన్ని చేర్చినట్టు. 1911లో అంటార్కిటికా చీకటి శీతాకాలంలో కేప్ క్రోజియర్‌కు నడిచిన ఆప్స్లీ చెర్రీ గరార్డ్‌కు దగ్గరి చూపే. ఊపిరి గడ్డకట్టి కళ్ళజోడు పనికిరాక, అంత దూరమూ మసక చూపుతోనే నడిచాడు. నీకంత అవస్థ అక్కర్లేదు. కంటి డాక్టరును అడిగి కాంటాక్ట్ లెన్సులు అలవాటు చేసుకో, ఇప్పటినుంచే. అవి కంటి వేడిలోనే ఉంటాయి గనక ఆవిరి పట్టదు. అవి నీకు సరిపడకపోతే కళ్ళజోడు మీద పెట్టుకునే లోతైన గాగుల్స్ ఉన్నాయి. బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను ఉన్నవి కూడా వస్తాయి, ఆగి ఉన్నప్పుడు కూడా గాలి ఆడుతుంది.

సాయంత్రం గదిలోకి రాగానే అక్కడ బుఖారీ, అంటే గది వేడిచేసే పొయ్యి, వెలుగుతూ ఉంటుంది. ఎవరో ఒకరు కాంగ్రీ అనే చిన్న నిప్పుల కుంపటి కూడా తెచ్చి చేతికిస్తారు. చేతులు కాచుకో, గాగుల్స్‌ను మాత్రం వాటి దగ్గరికి తీసుకెళ్ళకు. వేడికి లెన్స్ వంకరపోతుంది, రెండు లెన్సుల్నీ కలిపిన అతుకు వదులవుతుంది. తేమ ఆ రెండింటి మధ్యకు చేరితే మనం చేయగలిగిందేమీ లేదు, లెన్స్ మార్చాల్సిందే. తడి గాగుల్స్‌ను పెట్టెలో పెట్టి మూయకు. పొయ్యికి దూరంగా, గాలి తగిలే చోట పట్టీతో వేలాడదీయి. తెల్లారేసరికి స్పాంజి పూర్తిగా ఆరాలి. వేలితో నొక్కి చూడు. తడి స్పాంజితో రోజు మొదలుపెడితే ఇన్ని జాగ్రత్తలూ వృథా.

కొనేటప్పుడు రంగూ అద్దం మెరుపూ తరవాత చూసుకోవచ్చు. పైనా కిందా పక్కలా రంధ్రాలున్నాయా, వాటి మీద స్పాంజి ఉందా చూడు. ముక్కు దగ్గర సందు లేకుండా కూర్చోవాలి, లేకపోతే మాస్కు కథే మళ్ళీ. లెన్స్ మూల ఒక చిన్న చుక్కలాంటి వడపోత రంధ్రం కనిపిస్తే లోపమనుకోకు. గొండోలాలో పైకి పోతుంటే బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, రెండు లెన్సుల మధ్య గాలి ఉబ్బకుండా సరిచేయడానికి కొన్ని కంపెనీలు అది పెడతాయి. హెల్మెట్ తీసుకుని దుకాణానికి వెళ్ళు, రెండూ కలిపే పెట్టుకుని చూడు. హెల్మెట్ అంచు గాగుల్స్‌ను కిందికి నొక్కితే పై రంధ్రాలు మూసుకుపోతాయి, ఎంత ఖరీదైనవైనా ఆవిరి పడుతుంది. మధ్యలో పెద్ద ఖాళీ ఉంటే నుదురు మొద్దుబారుతుంది. రెండూ ఒకదానికొకటి ఆనుకుని, రంధ్రాలు తెరిచి ఉండాలి. ఒకే కంపెనీవైతే హెల్మెట్ ముందుభాగంలోని గాలి దారులు గాగుల్స్ పై రంధ్రాలకు సరిగ్గా ఎదురుగా వచ్చేలా చేస్తారు.

డబ్బు కట్టేముందు హెల్మెట్, గాగుల్స్ పెట్టుకుని ఎదురుగా ఒక ఫోటో, పక్కనుంచి ఒక ఫోటో తీసి నాకు పంపు. పై అంచు స్పష్టంగా కనిపించాలి. నేను చూసి చెప్పాకే తీసుకో.

ప్రేమతో,
పెద్దమ్మ