ఈగ చూపు, దోమ వాసన: అయాన్ ఛానెళ్ల కథ

మాగిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలను కొట్టబోతే, చెయ్యి దగ్గరకు రాకముందే లేచిపోతాయి. పండు వాసన పసిగట్టాలన్నా, చేతి కదలికను చూడాలన్నా వాటికి అయాన్ ఛానెళ్లే ఆధారం. ఇవి నాడీకణాల పొరలో ప్రోటీన్లతో ఏర్పడిన సన్నని ద్వారాలు. తెరుచుకోగానే సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి వస్తాయి. అదే విద్యుత్ సంకేతం. అయితే ఆ ద్వారం తెరుచుకునే తీరు కంటిలో ఒకలా, ముక్కు పని చేసే స్పర్శశృంగాల్లో మరోలా ఉంటుంది.

కంటిలో దారి కాస్త పొడవు. వెలుగు సోకిన రొడాప్సిన్ జి-ప్రోటీన్‌ను కదిలిస్తుంది. అది ఫాస్ఫోలైపేజ్-సి అనే ఎంజైమును లేపుతుంది. ఆ ఎంజైము పొరలోని ఒక కొవ్వును విడగొడుతుంది. చివరకు ట్రిప్ ఛానెళ్లు తెరుచుకుంటాయి. మన కంటిలో దీనికి తలకిందులు: వెలుగు పడితే ఛానెళ్లు మూసుకుంటాయి. ఇన్ని మెట్లున్నా ఈగ కన్నే చురుకైనది. పాత ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. అది మనకు తెలియదు, ఇంట్లో తిరిగే ఈగకు తెలుస్తుంది.

ట్రిప్ అన్న పేరు ఒక లోపం నుంచి పుట్టింది. 1969లో కోసెన్స్, మానింగ్ ఒక ఉత్పరివర్తన ఈగను వర్ణించారు. ఎడతెగని వెలుగులో దాని కంటి స్పందన కాసేపటికే ఆగిపోయి, గుడ్డిదానిలా ప్రవర్తించేది. ‘ట్రాన్సియెంట్ రిసెప్టర్ పొటెన్షియల్’, అంటే నిలవని స్పందన అన్నమాట. ఈ కుటుంబానికే చెందిన మరో ఛానెల్ మనలోనూ ఉంది. ఆవకాయ తిన్నప్పుడు నోరు మండేది దానివల్లే. కొవ్వు విడిపోతే ట్రిప్ ఎలా తెరుచుకుంటుందన్నది ఇప్పటికీ చర్చే. బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో రఘు పడింజాట్ బృందం ఈ కొవ్వుల మీదే పరిశోధిస్తోంది.

వాసన విషయంలో మన దేశపు పరిశోధన ఇంకా పాతది. 1970లలో ముంబయి టీఐఎఫ్‌ఆర్‌లో ఒబైద్ సిద్దిఖీ, వెరోనికా రోడ్రిగ్స్ వాసన సరిగా పట్టలేని ఈగలను ఏరి, ఆ లోపం ఏ జన్యువుదో వెతికారు. గ్రాహకమే ఛానెల్‌గా కూడా పనిచేస్తుందని 2008లో రెండు బృందాలు వేర్వేరుగా చూపాయి. వాసనను గుర్తించే ప్రోటీను, దానికి జతగా ఉండే ఆర్కో కలిస్తే ద్వారం సిద్ధం. మధ్యలో అన్ని మెట్లు అక్కర్లేదు.

మరి ఆర్కోను తీసేస్తే దోమ మన జోలికి రాకూడదు కదా? డెంగీని మోసే ఈడిస్ దోమల్లో 2013లో ఆ పనే చేసి చూశారు. మనిషికీ ఇతర జంతువులకూ తేడా చూపడం అవి చాలావరకు మానేశాయి. కానీ మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తోడైతే మళ్లీ మనిషి వైపే వచ్చాయి. వాటికి వేరే గ్రాహకాలూ ఉన్నాయి. దోమల మందు డీట్ పూసిన చేతిని కూడా దూరం నుంచి లెక్కచేయలేదు. చర్మం మీద వాలాక మాత్రం కుట్టకుండా లేచిపోయాయి.