కటకం కోసం కెమెరా మార్చవలెనా?

ఒకసారి సంచిక కోసం మా కాలేజీ ప్రధాన భవనాన్ని ఫోటో తీసే పని నా నెత్తిన పడింది. గేటు దగ్గర నిలబడి, పై అంతస్తు కూడా పడాలని కెమెరా కాస్త పైకెత్తి నొక్కాను. ఫోటో చూసిన లెక్చరరు గారొకరు "భవనం వెనక్కి పడిపోతున్నదేమిటయ్యా, పునాది గట్టిదేనా?" అన్నారు. అందరం నవ్వుకున్నాం. కాని ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోతే అది కాంతిశాస్త్రంతో మొదలై డబ్బు లెక్కల దాకా వెళ్ళింది. ఆ సంగతే ఈ వ్యాసం.

గోడలు ఎందుకు వాలుతాయి?

ప్రతిబింబం పడే తలం (ఒకప్పుడు ఫిల్ము, ఇప్పుడు సెన్సారు) గోడకు సమాంతరంగా ఉన్నంతవరకు నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. కెమెరాను పైకి వంచగానే ఆ సమాంతరత పోతుంది. రైలు పట్టాలు దూరాన కలిసినట్టే, గోడలు కూడా పైన కలవబోతాయి. ఇందులో కటకం తప్పేమీ లేదు.

కెమెరాను నిటారుగా పెడితే గీతలు సరిగానే వస్తాయి గాని, పై అంతస్తు తెగిపోతుంది. ఫోటోలో చాలా భాగం నేలే ఉంటుంది. దీనికి విరుగుడు ఒకటుంది. కెమెరాను కదపకుండా కటకాన్ని మాత్రమే పైకి జరపడం. బెలోస్ ఉన్న పెద్ద కెమెరాల్లో ఈ వసతి పాతదే. చిన్న 35 మి.మీ. కెమెరాలకు నికాన్ సంస్థ 1960ల ఆరంభంలో ఇటువంటి షిఫ్టు కటకాన్ని తెచ్చింది. 1973లో కానన్ సంస్థ జరపడంతో పాటు వంచడం (టిల్టు) కూడా ఒకే కటకంలో కలిపింది.

మామూలు కటకం సుమారు 43 మి.మీ. వ్యాసమున్న వెలుగు వలయాన్ని వేస్తే ఫ్రేముకు సరిపోతుంది. జరిపే కటకానికి అది చాలదు. కానన్ 17 మి.మీ. కటకం వేసే వలయం వ్యాసం 67 మి.మీ. ఆ కటకాల బరువు, ధర ఎక్కువగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

ఒక చిన్న లెక్క

సరూప త్రిభుజాలు మనం హైస్కూల్లో చదివినవే. దృశ్యంలో ఎత్తు కావాలంటే, ప్రతిబింబం ఎత్తును దూరంతో గుణించి నాభ్యంతరంతో భాగించాలి. కెమెరాను నిలువుగా తిప్పి, 1.5 మీటర్ల ఎత్తున, భవనానికి 10 మీటర్ల దూరంలో పెట్టామనుకుందాం. ఫ్రేము మధ్యనుంచి అంచుకు 18 మి.మీ.

24 మి.మీ. కటకాన్ని జరపకపోతే 18×10÷24 = 7.5 మీటర్లు, కెమెరా ఎత్తు కలిపితే 9 మీటర్లు. అదే కటకాన్ని 12 మి.మీ. జరిపితే 30×10÷24 = 12.5, మొత్తం 14 మీటర్లు. 17 మి.మీ. కటకాన్ని అంతే జరిపితే సుమారు 17.6, మొత్తం 19 మీటర్లు.

ఇరుకు సందులో 18 మీటర్ల భవనం ఉన్నదనుకోండి. వెనక్కి జరగడానికి చోటు లేదు. 24తో పని జరగదు, 17తో జరుగుతుంది. నాభ్యంతరంలో 7 మి.మీ. తేడా, భవనంలో 5 మీటర్ల తేడా అయింది!

చిక్కు ఎక్కడ వచ్చింది?

నికాన్ తన 24 మి.మీ. షిఫ్టు కటకాన్ని 2008లో తెచ్చింది. కానన్ 17 మి.మీ. కటకం 2009లో వచ్చింది. నికాన్ వైపునుంచి 19 మి.మీ. రావడానికి 2016 దాకా పట్టింది. ఈలోగా 2012లో నికాన్ డీ800 వచ్చింది, 36 మెగాపిక్సెళ్ళు. అదే ఏడు వచ్చిన కానన్ 5డీ మార్క్ 3కి 22 మాత్రమే. మంచి సెన్సారు ఒక ఇంట్లో, కావలసిన కటకం పక్కింట్లో! భవనాలు తీసి బతికేవారికి ఇది పెద్ద సంకటం.

"మధ్యలో ఒక రింగు పెట్టి తగిలించకూడదా?" అని మీరు అడగవచ్చు. కానన్ ఈఎఫ్ కటకం తన అంచునుంచి 44 మి.మీ. దూరంలో ప్రతిబింబం వేస్తుంది. నికాన్ కెమెరాలో ఆ దూరం 46.5 మి.మీ. రింగు పెట్టకముందే కటకం 2.5 మి.మీ. ముందుకు పోయింది, ఇక దూరపు వస్తువులు ఫోకస్ కావు. 2013లో సోనీ ఏ7ఆర్ వచ్చింది. అద్దం లేదు, దూరం 18 మి.మీ. మాత్రమే, పిక్సెళ్ళు 36 మెగా. 26 మి.మీ. రింగుకు చోటు దొరికింది. కానన్ కటకంలో రంధ్రం విద్యుత్తుతో పనిచేస్తుంది కనుక, ఆ రింగులో విద్యుత్ సంబంధం కూడా ఉండాలి. అప్పుడు కొందరు కటకాలు ఉంచుకొని కెమెరాలు మార్చారు.

మారేముందు

కంప్యూటరులో గోడలు నిలబెట్టవచ్చు కదా అంటే, నిలబెట్టవచ్చు. కాని పైభాగాన్ని సాగదీయాలి, అంచులు కోయాలి. సాగదీస్తే కొత్త వివరం పుట్టదు. అయినా కొద్దిపాటి వంపుకు, సంచికలో అచ్చయ్యే బొమ్మకు అది చాలు. ఎదురుగా మేడ ఉంటే దానిమీద సగం ఎత్తుకెక్కి తీస్తే ఖర్చే లేదు.

అందుచేత ముందు పై లెక్క వేయండి. మీ వీధి వెడల్పుకు, మీ భవనం ఎత్తుకు ఏ కటకం కావాలో అదే చెబుతుంది. ఆ కటకాన్ని ఒక రోజు అద్దెకు తెచ్చి చూడండి. ఆ పని నెలకు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి. అప్పటికీ తప్పదంటే మారండి. ఉన్న సామానంతా అమ్మితే కొన్న ధర తిరిగి రాదని మాత్రం మరవకండి.

ఇంతకీ నేను కెమెరా మార్చలేదు. ఎదుటి హాస్టలు మొదటి అంతస్తు వరండాలోనుంచి మళ్ళీ తీశాను. లెక్చరరు గారు చూసి, "పునాది గట్టిదేనయ్యా" అన్నారు.