కొట్టు మూసేస్తున్నారట, ఆట కొనొచ్చా?

జి.కొండూరు నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న: "లాయరు గారూ, మా బావమరిది అమెరికా నుంచి వచ్చినప్పుడు తన పాత గేమ్ కన్సోల్ మా అబ్బాయికి ఇచ్చి వెళ్లాడు. దానికి పాత ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ మూసేస్తున్నామని తెర మీద నోటీసు వచ్చింది. ఆలోపు కొనేసుకుంటానని మావాడు నాలుగు వేలు అడుగుతున్నాడు. వాడికి పదిహేనేళ్లు. స్టోర్ మూశాక ఆ ఆటలు మనకు ఉంటాయా? పోతే ఎవర్ని అడగాలి?"

కొండపల్లి మీకు పక్కనే. అక్కడ అంబారీ ఏనుగు కొని ఇంటికి తెచ్చుకున్నారనుకోండి. ఆ కొట్టు మూతపడినా ఏనుగు మీదే. మేనల్లుడికి ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మా చిన్నప్పటి వీడియో గేమ్ క్యాసెట్టూ అంతే. పని చేయకపోతే నోటితో ఊది పెడితే మారియో మళ్లీ గెంతేవాడు. ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

ఆన్‌లైన్ స్టోర్‌లో జరిగేది ఈ కొనుగోలు కాదు. బటన్ మీద "కొనండి" అనే ఉంటుంది. కింద నిబంధనల్లో మాత్రం, మీకు ఆడుకోవటానికి లైసెన్స్ ఇస్తున్నాం, ఆట మాదే అని ఉంటుంది. ఆ నిబంధనలు ఆసాంతం చదివినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఈ మాటల గారడీ మీదే చట్టం చేసింది. ఇచ్చేది లైసెన్స్ మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనకూడదని 2025 జనవరి 1 నుంచి అక్కడ రూలు. మన దగ్గర అచ్చంగా అలాంటి చట్టం లేదు. అలాగని మీకు దిక్కు లేదనీ కాదు, ఆ సంగతి చెబుతాను.

ముందు మీ నోటీసు మళ్లీ చదవండి. "మూసేస్తున్నాం" అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులుంటాయి. ఒకటి, కొత్తగా అమ్మటం ఆపేయటం. నింటెండో 2023 మార్చి 27న త్రీడీఎస్, వీ-యూ కన్సోళ్ల స్టోర్లను, మైక్రోసాఫ్ట్ 2024 జులై 29న ఎక్స్‌బాక్స్ 360 స్టోర్‌ను మూసినప్పుడు జరిగింది ఇదే. అప్పటికే కొన్నవాళ్లను తమ ఆటలు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోనిచ్చారు. రెండోది, కొన్నవాటిని దింపుకోవటానికీ గడువు పెట్టటం. దీనికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది. ఫ్లిప్‌కార్ట్ 2012లో ఫ్లైట్ అని పాటల దుకాణం తెరిచి, 2013 జూన్ 17న మూసేసింది. కొన్న పాటలు దింపుకోవటానికి ఆగస్టు 18 దాకా గడువిచ్చింది. అవి మామూలు ఎంపీత్రీలు కాబట్టి దింపుకున్నవాళ్ల దగ్గర ఈనాటికీ మోగుతాయి. దింపుకోనివాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. మూడోది అన్నిటికన్నా చేటు: ఆట నడవటానికి కంపెనీ సర్వరే ఆధారమైతే, దాన్ని ఆపిన రోజున మీ ఇంట్లో ఉన్న ఆట కూడా ఆగిపోతుంది. యుబీసాఫ్ట్ 'ది క్రూ' అనే కారు పందేల ఆటకు 2024లో ఈ గతే పట్టించింది. డిస్కు కొన్నవాళ్లకు కూడా డిస్కే మిగిలింది.

మీది మొదటి రకమైతే కొనిపెట్టండి. రెండోదైతే కొన్న రోజే కన్సోల్‌లోకి దింపేసి, నెట్ ఆపేసి ఆట నడుస్తుందో లేదో చూడండి. మూడో రకమైతే నా డబ్బు నేను పెట్టను. డిస్కుగా దొరికే ఆట, సర్వర్ అవసరం లేనిదైతే, పాతదైనా సరే డిస్కే కొనమంటాను.

డబ్బు కట్టేటప్పుడు స్టోర్ వాలెట్‌లో గుండుగుత్తగా నాలుగు వేలూ పోయకండి. ఆటకెంతో అంతే కట్టండి. ఆ ఒక్క స్టోర్‌లోనే చెల్లే వాలెట్‌కు రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు, కాబట్టి మిగిలిపోయిన చిల్లర కోసం రిజర్వు బ్యాంకుకు మొరపెట్టుకోవటం దండగ. అకౌంట్ మీ పేరున ఉండాలి, అబ్బాయి పేరున కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం చెల్లదు. వయసు తప్పు రాసి అకౌంట్ తెరిస్తే రేపు కంపెనీ అదే పట్టుకుంటుంది.

ఆ కన్సోల్‌లో మీ బావమరిది అమెరికా అకౌంటే ఉండిపోతే అది అంతకన్నా పెద్ద చిక్కు. మనవాళ్లు చాలామంది అమెరికా కన్సోల్‌లో అమెరికా చిరునామాతోనే, అక్కడి గిఫ్ట్ కార్డులతోనే కొంటుంటారు. 2020 నాటి మన ఈ-కామర్స్ నిబంధనలు డిజిటల్ సరుకుకూ వర్తిస్తాయి, మన దేశంలో వినియోగదారులకు పద్ధతిగా అమ్మే విదేశీ కంపెనీకీ వర్తిస్తాయి. కానీ అమెరికా చిరునామా ఇచ్చి డాలర్లలో కొన్నాక, మేం ఇండియాలో అమ్మనేలేదని కంపెనీ అంటే జవాబు చెప్పటం కష్టం. ఇండియా స్టోర్ ఉంటే రూపాయల్లో, మీ ఊరి చిరునామాతోనే కొనండి.

ఇక, ఆటలు పోతే ఎవర్ని అడగాలన్నది. స్టోర్ మూసుకోవటం నేరం కాదు, ఏ వ్యాపారీ కొట్టు కలకాలం తెరిచి ఉంచనక్కర్లేదు. కానీ చెప్పకుండా అమ్మి, తగిన గడువివ్వకుండా కొన్నదాన్ని లాగేసుకుంటే అది సేవాలోపమని వాదించటానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో చోటుంది. సహేతుక కారణం లేకుండా ఒప్పందాన్ని ఏకపక్షంగా రద్దు చేసుకునే షరతును ఆ చట్టం అన్యాయమైన ఒప్పందాల్లో చేర్చింది. అలాంటి షరతును కొట్టేసే అధికారం రాష్ట్ర, జాతీయ వినియోగదారుల కమిషన్లది, జిల్లా కమిషన్‌ది కాదు. ఇది గెలిచి తీరుతుందని నేను హామీ ఇవ్వను, వాదన బలమైనదని మాత్రం చెప్పగలను.

మొదట కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు రాయండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, నాలుగు వేల తగాదాకు అదే సరైన మెట్టు. అక్కడా తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో, సేవాలోపం మీద జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ఐదు లక్షల దాకా రుసుము లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. (నా వృత్తికి నష్టమే, అయినా చెప్పక తప్పదు.) కంపెనీ ఎక్కడున్నా సరే, మీరు కాపురముండే చోటే కేసు వేసే హక్కు ఈ చట్టంలో ఉంది. మీకు అది విజయవాడ. తగాదాలన్నీ మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని ఒప్పందంలో ఉందని భయపెడితే, అలాంటి షరతు వినియోగదారుల కమిషన్‌కు అడ్డు కాదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు 2018లోనే తేల్చిందని చెప్పండి.

మీవాడికి కూడా ఒక మాట. అమ్మటం ఆపేశారు కాబట్టి నెట్‌లో ఉచితంగా దింపుకుంటే తప్పేముందని స్నేహితులు చెబుతారు. అమ్మకం ఆగితే కాపీరైట్ పోదు. న్యాయంగా కొన్న ప్రోగ్రాము పాడైపోకుండా ఒక కాపీ తీసి దాచుకోవటానికి 1957 కాపీరైట్ చట్టం ఒప్పుకుంటుంది. కానీ దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రాము వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంది.

మీ ఉత్తరంలో నోటీసు తేదీ రాయలేదు. ఈ రాత్రికే ఆ తెరను తేదీ కనబడేలా ఫొటో తీయండి. కొన్నాక బిల్లు, కార్డు మెసేజ్ కూడా దాచండి. వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపే ఫిర్యాదు పెట్టాలి.